స్టెబిలైజర్ పెట్టుకోండి సార్

కంప్యూటర్ షాపు నుంచి మధ్యాహ్నమే ఇంటికొచ్చాను. చెమట ఆరింది, కోపం ఆరలేదు. క్యాబినెట్ ఇంకా అట్టపెట్టెలోనే ఉంది. ఫోన్‌లో టైప్ చేస్తున్నా, అక్షరాలు అటూ ఇటూ అయితే సర్దుకోండి.

నా మెషిన్ సంగతి మీలో సగం మందికి తెలుసు, ఫొటోలు పెట్టి పెట్టి విసిగించాను కాబట్టి. ఇంటెల్ ఐ5-9600కె ప్రాసెసర్, జెడ్390 మదర్‌బోర్డు. ఆరు కోర్లూ కలిసి పనిచేస్తే కంపెనీ ఇచ్చే వేగం 4.3 గిగాహెర్ట్జ్. నేను 5.0 మీద నడుపుతున్నా, దీన్నే ఓవర్‌క్లాకింగ్ అంటారు. ఊరికే రాలేదది. మూడు వారాలు రాత్రి పదకొండు దాటాక కూర్చుని, ఒక్కో మెట్టూ ఎక్కిస్తూ, లెక్కల నోట్‌బుక్‌లో గీతలు గీసుకుని రాసుకుంటూ తెచ్చుకున్నా. ఒక్కటే చిక్కు మిగిలింది. బయోస్‌లో, అంటే బోర్డు సెట్టింగుల మెనూలో, ప్రాసెసర్‌కి 1.32 వోల్టులు పెడితే ఖాళీగా ఉన్నప్పుడు 1.31 చూపిస్తుంది. ప్రాసెసర్‌ని పూర్తి లోడుతో పరీక్షించే ప్రైమ్95 మొదలెట్టగానే 1.21కి జారుతుంది. పావుగంటకి బ్లూ స్క్రీన్.

దీని పేరు వీడ్రూప్. లోడు పడగానే ప్రాసెసర్‌కి అందే వోల్టేజ్ కిందికి దిగడం. బోర్డు మీద దీనికి మందు కూడా ఉంది, ఎల్ఎల్‌సీ అంటారు, లోడ్ లైన్ కాలిబ్రేషన్, ఈ జారడాన్ని మెట్లు మెట్లుగా తగ్గించే సెట్టింగ్. అది సరిచేసే ముందు ఒక్క అనుమానం తీర్చుకుందామనుకున్నా. లోడులో ఎస్ఎంపీఎస్ (కంప్యూటర్ పవర్ సప్లై) ఇచ్చే 12 వోల్టుల లైను 11.6 చూపిస్తోంది. పవర్ సప్లైల ప్రమాణమైన ఏటీఎక్స్ లెక్కలో 5 శాతం అటూ ఇటూ ఒప్పే, అంటే 11.4 దాకా పరవాలేదు. అయినా నా మనసు ఆగదు కదా. వేరే ఎస్ఎంపీఎస్ తగిలించి ఒక్కసారి చూస్తే తేలిపోతుంది. నా దగ్గర ఇంకోటి లేదు. అందుకని పొద్దున్నే పెట్టెలో పెట్టుకుని, ఆటో మాట్లాడుకుని, తెలిసిన షాపుకి వెళ్లాను. పేరు చెప్పను. చెప్పినా ఒకటే, ఏ షాపుకెళ్లినా అదే మనిషి వేరే చొక్కా వేసుకుని కూర్చుంటాడు.

"వేరే ఎస్ఎంపీఎస్ పెట్టి పది నిమిషాలు నడిపి చూపించు బాబూ, ఇంకేం ముట్టుకోవద్దు" అన్నాను. ఇంతే అడిగాను. "సీపీయూ ఇక్కడ పెట్టి వెళ్లండి సార్, గంటలో రండి" అన్నాడు.

సీపీయూ అట. అరచేతిలో పట్టే చిప్పు సీపీయూ రా బాబూ. ఈ డబ్బాని క్యాబినెట్ అంటారు. బండి మొత్తాన్ని చూపించి ఇంజిన్ అన్నట్టుంటుంది. హార్డ్‌వేర్ అమ్మేవాడే ఇలా అంటే ఇక ఎవరికి చెప్పుకోవాలి? సరే, వదిలేద్దాం, ఇది వేరే రోజు కోపం.

టీ తాగి నలభై నిమిషాలకే వెళ్లాను. అప్పటికే ర్యామ్ పీకేసి, సొరుగులోంచి స్కూలు పిల్లల రబ్బరు తీసి, ఆ బంగారు రంగు పళ్లని కసాబిసా రుద్దుతున్నాడు. కౌంటర్ మీద రబ్బరు పొట్టు. ప్రపంచంలో ఏ రోగానికైనా మన దగ్గర రెండే మందులు. ఒకటి ర్యామ్ రబ్బరుతో రుద్దడం, రెండోది ఫార్మాట్ కొట్టడం. రెండోది చెయ్యనందుకు అతనికి దండం పెట్టాలి. కానీ అంతకన్నా పెద్ద ఘనకార్యం చేశాడు.

"బయోస్ పాతది ఉంది సార్, లేటెస్ట్ వేశాను. బ్యాటరీ కూడా తీసి పెట్టాను. ఇప్పుడు చూడండి, సెట్ అయిపోయింది."

సెట్ అవ్వక ఏమవుతుంది! నా సెట్టింగులన్నీ తుడిచిపెట్టేశాడు. దాచుకున్న ప్రొఫైళ్లు మూడూ పోయాయి. ప్రాసెసర్ 4.3కి, ర్యామ్ వేగం 3200 నుంచి 2133కి దిగింది. పరిగెత్తేవాణ్ని మంచానికి కట్టేసి "చూశారా, ఇప్పుడు ఆయాసం రావట్లేదు" అన్నట్టుంది వైద్యం. ఇంతకీ నేను అడిగిన ఆ ఒక్క పని, వేరే ఎస్ఎంపీఎస్ తగిలించడం, అది మాత్రం చెయ్యలేదు.

అప్పటికీ ఓపిగ్గా చెప్పాను. లోడు మీద వోల్టేజ్ పడిపోతోంది, అదీ నా సమస్య అని. ఆ మాట వినగానే అతని మొహం వెలిగిపోయింది.

"మీరుండేది ఎక్కడ సార్?"

చెప్పాను.

"అదీ సంగతి. అటువైపు లో వోల్టేజ్ సార్. స్టెబిలైజర్ పెట్టుకోండి. మన దగ్గరే ఉంది, పద్దెనిమిది వందలు."

గోడ ప్లగ్గులో వచ్చేది 230 వోల్టులు. నేను మాట్లాడేది 1.3 వోల్టుల గురించి. ఈ రెండింటి మధ్య ఎస్ఎంపీఎస్ ఉంది, ఆ తర్వాత బోర్డు మీద వీఆర్ఎం ఉంది, ప్రాసెసర్‌కి వోల్టేజ్ తగ్గించి ఇచ్చే సర్క్యూట్. ఎస్ఎంపీఎస్ గోడ కరెంట్‌ని 12 వోల్టులు చేస్తుంది. ఆ పన్నెండుని ప్రాసెసర్ పక్కనే వరసగా కూర్చున్న మాస్ఫెట్లూ కాయిల్సూ 1.3 చేస్తాయి. నా ఎస్ఎంపీఎస్ మీద 100-240 అని అచ్చేసి ఉంది. గోడలో 180 వచ్చినా దానికి చీమ కుట్టినట్టుండదు. స్టెబిలైజర్ పెడితే వీడ్రూప్ పోతుందంటే, ఊరి చెరువు నిండితే మా బాత్రూమ్ గీజర్ బాగవుతుందన్నట్టే.

చెకింగ్ ఛార్జీ ఐదొందలు తీసుకున్నాడు. రబ్బరు అరిగింది కదా మరి.

ఆటోలోంచే నాన్నకి ఫోన్ చేశాను. చిలకలూరిపేటలో ఆయనది మోటార్ వైండింగ్ షాపు, ముప్ఫై ఏళ్లకి పైమాటే. కంప్యూటర్ ఆన్ చెయ్యడం రాదు. నేను నాలుగు ముక్కలు చెప్పానో లేదో, "ఏరా, ట్రాన్స్‌ఫార్మర్‌కి దూరంగా ఉన్న మోటార్ ఎయ్యంగానే ఓల్టేజీ పడిద్ది, ఇంట్లో బల్బు గుడ్డిదీపం అయిద్ది. అట్టాంటిదేనా?" అన్నారు.

అదే! సరిగ్గా అదే! తీగకి కొంత రెసిస్టెన్స్ ఉంటుంది, కరెంట్ ఎంత ఎక్కువ లాగితే దారిలో అంత వోల్టేజ్ తగ్గుతుంది. ప్రాసెసర్ దారిలో ఒక్క మిల్లీ ఓమ్ అనుకోండి, అంటే ఓమ్‌లో వెయ్యో వంతు. ప్రాసెసర్ లోడులో 100 ఆంపియర్లు లాగితే 0.1 వోల్టు గాయబ్. వంద ఆంపియర్లంటే మాటలు కాదు, ఇంటి మెయిన్ ఫ్యూజ్ కూడా తట్టుకోలేదు. వోల్టేజ్ 1.3 కాబట్టి వాట్లలో 130 అవుతుంది, అందుకే మనకి తెలియదు. ఐదో క్లాసు దాటని మా నాన్నకి అర్థమైంది, గోడ నిండా సర్టిఫికెట్లు వేలాడదీసుకున్నవాడికి అర్థం కాలేదు.

ఇక్కడొక మాట చెప్పాలి, లేకపోతే నా కామెంట్లలో కాచుక్కూర్చునే ఇద్దరు మహానుభావులు ఊరుకోరు. అవును, వీడ్రూప్ బోర్డు లోపం కాదు, కావాలని పెట్టిందే. లోడు ఒక్కసారిగా దిగినప్పుడు వోల్టేజ్ పైకి ఎగురుతుంది. ముందే కొంచెం కిందకి దింపి ఉంచితే ఆ ఎగిరింది కూడా హద్దు దాటదు. ఎల్ఎల్‌సీని చివరి మెట్టుకి తోసేస్తే కిందికి జారదు, కానీ పైకి ఎంత ఎగురుతుందో మామూలు సాఫ్ట్‌వేర్ చూపించదు, అంత వేగంగా అది చదవలేదు. మొదటి వారం నేను అదే చేశాను, చివరి మెట్టు పెట్టి మురిసిపోయాను. ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు చెప్తున్నా.

చివరి మెట్టు అంటే ఏదో తెలుసుకోవడానికే ఒక సాయంత్రం పట్టింది. ఆసుస్‌లో అంకె పెరిగేకొద్దీ గట్టిది. ఎమ్మెస్ఐలో తిరగేసి, మోడ్ 1 అన్నిటికన్నా గట్టిది. గిగాబైట్‌లో అంకెలే ఉండవు, హై, టర్బో, ఎక్స్‌ట్రీమ్ అని బజ్జీ బండి మీద కారం స్థాయిల్లా రాస్తారు. ముగ్గురూ ఒక చోట కూర్చుని ఒక మాట అనుకోవడానికి వీళ్లకేం పోయిందో! ఒక బోర్డు చూసి నేర్చుకున్నవాడు ఇంకో బోర్డు మీద 1 పెట్టి, సన్నగా మొదలెట్టాననుకుంటాడు.

సరే, బోర్డుల వాళ్ల సంగతి అలా ఉంచండి. నా మంట వేరే. వీడ్రూప్ తెలియకపోవడం తప్పు కాదు. మా కాలనీలో అందరూ తెలియకుండానే హాయిగా బతుకుతున్నారు. "నాకు తెలియదు సార్" అనడానికి ఏం అడ్డం? ఐదు అక్షరాలు కూడా లేవు "తెలియదు"లో. అంత పెద్ద ఇంటెల్ కంపెనీయే 2024లో ఒప్పుకుంది, 13, 14 తరాల డెస్క్‌టాప్ ప్రాసెసర్లు ఉండాల్సినదానికన్నా ఎక్కువ వోల్టేజ్ అడుగుతున్నాయి, తప్పు మా మైక్రోకోడ్‌లోనే (ప్రాసెసర్ లోపలి ప్రోగ్రామ్) ఉందని. అప్‌డేట్ ఇచ్చింది, వారంటీ ఇంకో రెండేళ్లు పెంచింది. నెలల తరబడి నానబెట్టాకే అనుకోండి, చివరికైతే నోరు తెరిచింది. మనవాళ్లు మాత్రం తెరవరు.

మనవాళ్లు అంటే ముఖ్యంగా మా బావ.

పాత ఫాలోవర్లకి తెలుసు, మిగతావాళ్లు వినండి. 2008 వేసవి. నా మొదటి కంప్యూటర్, పెంటియం డ్యూయల్ కోర్ ఈ2160. మల్టిప్లయర్ తొమ్మిది, బోర్డు ఇచ్చే మూల వేగం రెండొందల మెగాహెర్ట్జ్. తొమ్మిది రెండొందలు 1800, అంటే 1.8 గిగాహెర్ట్జ్. ఆ రెండొందల్ని 333 చేస్తే 3.0. డబ్బులు పెట్టకుండా ప్రాసెసర్ వేగం ఒకటిన్నర రెట్లకి పైనే! డిగ్రీ చదివే కుర్రాడికి ఇంతకన్నా లాటరీ ఏముంటుంది? అప్పుడూ ఇదే గోల, లోడు పడగానే వోల్టేజ్ జారేది. ఆ బోర్డు బయోస్‌లో ఎల్ఎల్‌సీ లేదు. అప్పట్లో దానికి పెన్సిల్ వైద్యం ఉండేది. నవ్వకండి, నిజం. వోల్టేజ్ కంట్రోలర్ దగ్గర బియ్యపు గింజలో సగం ఉండే రెసిస్టర్ ఒకటి ఉంటుంది. దాని మీద 2బి పెన్సిల్‌తో రుద్దితే గ్రాఫైట్ కరెంట్‌కి పక్కదారి వేస్తుంది, రెసిస్టెన్స్ తగ్గుతుంది, జారడం తగ్గుతుంది. ఎక్కువైతే రబ్బరుతో చెరిపెయ్యొచ్చు. అంతకుముందు 2000 ప్రాంతంలో ఏఎండీ డ్యూరాన్ చిప్పుల మీద ఎల్1 గీతల్ని జనం పెన్సిల్‌తోనే కలిపి మల్టిప్లయర్ తాళం తీసేవాళ్లు. ఒక తరం ఓవర్‌క్లాకింగ్ అంతా జామెట్రీ బాక్సులోనే ఉండేది.

నాన్న మల్టీమీటర్ తెచ్చుకుని, ఊపిరి బిగబట్టి, రుద్ది, కొలిచి, మళ్లీ రుద్ది సాధించాను. పన్నెండు రోజులు నడిచింది. పదమూడో రోజు టప్ మని శబ్దం, కాలిన వాసన, చీకటి. అదే రోజు అక్కా బావా ఇంటికొచ్చి ఉన్నారు, నా ఖర్మ.

బావ అప్పుడే సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో చేరాడు. సాఫ్ట్‌వేర్ వాడికి హార్డ్‌వేర్ తెలుసని మన ఇళ్లలో ఎవరు ప్రచారం చేశారో! క్యాబినెట్ మూత తీసి, టార్చి వేసి చూసి, హాల్లో అందరూ వినేలా ప్రకటించాడు.

"మావయ్యా, మీవాడు మదర్‌బోర్డ్ మీద పెన్సిల్‌తో బొమ్మలేశాడు."

అంతే. తీర్పు అయిపోయింది. రెండు రోజుల తర్వాత ఫ్రెండ్ ఎస్ఎంపీఎస్ తెచ్చి తగిలిస్తే కంప్యూటర్ ఠంచనుగా లేచింది. బోర్డు బాగుంది, ప్రాసెసర్ బాగుంది, పెన్సిల్ గీత కూడా చెక్కుచెదరలేదు. పోయింది ఎస్ఎంపీఎస్. 450 వాట్లని స్టిక్కర్, ఎత్తితే ఖాళీ టిఫిన్ డబ్బా బరువు. నాన్న షాపులోనే విప్పి చూశాం, కెపాసిటర్లు పూరీల్లా ఉబ్బి ఉన్నాయి. ఓవర్‌క్లాక్ వల్ల లోడు పెరిగిన మాట నిజమే, కాదనను. కానీ ఎంత పెరిగినా 450కి ఆమడ దూరంలోనే ఉంది. ఆ మాటే బావకి చెప్తే ఏమన్నాడో తెలుసా? "ఏదైతేనేం, నువ్వు గెలక్కపోతే పోయేది కాదుగా."

అప్పటి నుంచి పెళ్లి గానీ, గృహప్రవేశం గానీ, ఎవరింట్లో ఏ వైరు కాలినా చూపు నా వైపే. పోయినేడు మేనకోడలి ఓణీల ఫంక్షన్‌లో డీజే వాడి యాంప్లిఫయర్ పొగలొచ్చింది. నేను భోజనాల దగ్గర గారె తింటున్నా. "ఏరా బామ్మర్దీ, పెన్సిల్ ఉందా జేబులో?" అని మైకు పక్కనుంచే అరిచాడు.

ఇవాళ కూడా అదే వరస. నాన్న అక్కకి చెప్పారు, అక్క బావకి చెప్పింది. నేను లిఫ్ట్ దిగేలోపు బావ ఫోన్. "మళ్లీ కాల్చావంటగా?" కాలలేదు బావా, వోల్టేజ్... "అదేలే. స్టెబిలైజర్ లేకుండా ఎట్టా నడుపుతున్నావురా ఇన్నాళ్లూ?" అన్నాడు. నేను ఫోన్ పెట్టేశాను. ఆ షాపువాడికీ ఈయనకీ ఎక్కడో చుట్టరికం ఉండి ఉండాలి.

నోట్‌బుక్ ఉంది కాబట్టి బతికిపోయాను. రాత్రికి మళ్లీ కూర్చుంటా. 50 మల్టిప్లయర్ (అంటే 5.0 గిగాహెర్ట్జ్), 1.32 వోల్టులు, ఎల్ఎల్‌సీ ఈసారి నడిమి మెట్టు. లోడులో 1.27 దగ్గర నిలబడితే చాలు, ఈ ఎండల్లో అంతకు మించి ఆశ కూడా లేదు.

ఇది రాస్తుండగానే నాన్న మళ్లీ ఫోన్ చేశారు. బావ చెప్పాడట, కొన్నవి నమ్మకూడదట. అందుకని షాపులో ఉన్న పాత స్టెబిలైజర్‌కి కొత్త రాగితీగతో మధ్యాహ్నమంతా కూర్చుని ఆయనే వైండింగ్ చేశారట. "నీ కంప్యూటర్‌కి ఇక ఢోకా లేదురా" అన్నారు. అంత సేపు మోటార్, బల్బు అని నాకే పాఠం చెప్పిన మనిషి! పద్నాలుగు కేజీలు. రాత్రి బస్సుకి ఆర్టీసీ కార్గోలో వేస్తున్నారు. పొద్దున్నే ఎంజీబీఎస్‌కి వెళ్లి తెచ్చుకోవాలి. ఆధార్ కార్డు జిరాక్స్ పట్టుకెళ్లమన్నారు.