మైటోకాండ్రియా ఒక్కటే చాలదు

పశువుల కాలేయంలో బతికే పరాన్నజీవులైన కార్జపు జలగలు దేశదేశాలకు ఎలా వ్యాపించాయో మైటోకాండ్రియా (కణానికి శక్తినిచ్చే భాగం) జన్యువుల ఆధారంగా వివరించిన, నేను చదివిన ఒక వ్యాసం ఉపయోగకరమైనదే గాని, ఒక ముఖ్య విషయాన్ని దాటవేసింది. మైటోకాండ్రియా డీఎన్‌ఏ తల్లి వైపు నుంచే సంక్రమిస్తుంది కనుక, ఫాసియోలా హెపాటికా, ఫాసియోలా జైగాంటికా అనే రెండు కార్జపు జలగ జాతుల కలయికతో పుట్టిన సంకర జలగను అది తల్లి జాతిగానే చూపిస్తుంది. జపాన్, కొరియా, చైనా, వియత్నాం దేశాల్లో కనిపించే, వీర్యకణాలు లేకుండానే సంతతిని పెంచుకోగల జలగల సంకర మూలం కణ కేంద్రకంలో ఉండే, తల్లిదండ్రులిద్దరి నుంచీ వచ్చే పెప్‌సీకే, పోల్‌డీ వంటి జన్యువులను కూడా పరిశీలిస్తేనే బయటపడుతుంది. జత అవసరం లేని ఇటువంటి వంశం కొత్త చోట వేళ్లూనడానికి, జలగ పిల్లదశలు పెరగడానికి తగిన నత్త అక్కడ ఉంటే, జలగ సోకిన ఒక్క పశువు చేరినా సరిపోవచ్చు.

నిజానికి నత్త కథ కూడా అంతే ఆసక్తికరమైనది. బొలీవియాలో సుమారు 3,800 మీటర్ల ఎత్తున ఉన్న ఆల్టిప్లానో పీఠభూమికి ఐరోపా పశువులతో హెపాటికా చేరగా, దానిని మోసే గాల్బా ట్రంకాటులా నత్త కూడా ఐరోపా నుంచే వచ్చిందని జన్యు పరీక్షలు సూచించాయి. ఆ నత్త స్వయంగా ఫలదీకరణ చేసుకోగలదు కనుక అక్కడి నత్తల్లో జన్యువైవిధ్యం దాదాపు కనిపించదు. మన మైదాన ప్రాంతాల చెరువుల దగ్గర మేసే గేదెలకు సోకేది ప్రధానంగా జైగాంటికా. దాని ప్రయాణాన్ని వివరించేటప్పుడు కూడా పశువుల రాకపోకలతో పాటు నత్తల వంశాన్ని కలిపి చూడాలని నా అభిప్రాయం.