ఆ కత్తెర మెసేజ్‌కి నా జవాబు

ఈ వారంలో ఇది ఐదోసారి. ఆఫీసు గ్రూపులో ఒకరు, బంధువుల గ్రూపులో ఇద్దరు, మా టెన్త్ బ్యాచ్ గ్రూపులో గంట తేడాతో ఇద్దరు అదే మెసేజ్ పెట్టారు. పైన దండం పెట్టే చేతులు, కింద "బాధ్యత గల తల్లిదండ్రులైతే పదిమందికి పంపండి" అన్న ఆజ్ఞ. నాలుగుసార్లు చూసీచూడనట్టు ఊరుకున్నాను. ఐదోసారి దాని కింద వరసగా బొటనవేళ్లు, "నూటికి నూరుపాళ్లు నిజం" అన్న మాటలు చూశాక ఇక ఊరుకోబుద్ధి కాలేదు.

మెసేజ్ పొడుగ్గా ఉంది కానీ అందులో విషయం ఇంతే. బళ్లలో జుట్టు విషయంలో కఠినంగా ఉండాలట. పొట్టి జుట్టయితే పేలు పట్టవు. స్టైల్ మీద ధ్యాస ఉంటే చదువు ఎక్కదు. జపాన్‌కి అంత క్రమశిక్షణ రావడానికి కారణం బడిలో జుట్టు నియమాలే. ఆడపిల్లలు జుట్టు వదిలేసుకుంటే మగపిల్లల మనసు చెదురుతుంది. అందరి జుట్టూ ఒకేలా ఉంటే పేదా గొప్పా తేడా ఉండదు. ఇక చివరిది: మాట వినని పిల్లవాడి జుట్టు టీచరే ప్రేయర్‌లో అందరి ముందు కత్తిరిస్తే తప్పేం లేదు, "మమ్మల్నీ అలాగే పెంచారు, మేమేం చచ్చిపోలేదు కదా".

అన్నిటికీ ఒకే ఓపికతో జవాబు చెప్పడం నావల్ల కాదు. తేలికవి ముందు తేల్చేస్తాను.

పేల సంగతి. పేలు ఎగరవు, గెంతవు. ఒక తల ఇంకో తలకు ఆనినప్పుడు పాకి వస్తాయి. గుడ్లు పెట్టేది వెంట్రుక చివర కాదు, మాడును ఆనుకుని వెంట్రుక మొదట్లో. పొడుగు జుట్టు ఇంకొకరి తలకు తగిలే అవకాశం కాస్త ఎక్కువే కానీ, చెవుల పైకి క్రాఫ్ కొట్టించినంత మాత్రాన పేలు రావని కాదు. పేలకు మందుంది, పేల దువ్వెన ఉంది. ఈ పాయింటు ఇక్కడితో సరి.

ధ్యాస సంగతి. జుట్టు పొడుగుందని ఒక పిల్లవాణ్ణి క్లాసు బయట నిలబెట్టారు. లోపల లెక్కల పాఠం నడుస్తోంది. బోర్డు మీద ఏం రాస్తున్నారో వాడికి కనపడదు. ఆ పూట వాడి చదువు పాడుచేసింది జుట్టా, నియమమా? పొద్దున అద్దం ముందు గడిపే అయిదు నిమిషాలకంటే, "సార్ చూస్తారేమో" అన్న టెన్షన్‌తో రోజంతా తల దించుకుని కూర్చోవడమే ఎక్కువ ధ్యాస తినేస్తుంది. అయినా ఏకాగ్రత జుట్టు పొడుగును బట్టి వచ్చేదైతే జడలున్న ఆడపిల్లలంతా ఫెయిలవ్వాలి. ఫలితాలు వచ్చిన రోజున అలా జరగడం ఎవరైనా చూశారా?

ఇక జపాన్. మెసేజ్ మొత్తంలో అతి బలహీనమైన పాయింటు ఇదే, కానీ ఎక్కువమంది మెచ్చుకున్నదీ ఇదే. అందుకే కొంచెం వివరంగా చెబుతాను.

ఒసాకాలో ఒక ప్రభుత్వ హైస్కూలు. అక్కడ చదివే ఒక అమ్మాయి, తన జుట్టు పుట్టుకతోనే గోధుమ రంగని చెప్పింది. జుట్టు నల్లగా ఉండాలన్నది బడి నియమం. రంగు వేసుకు రమ్మన్నారు. వేసుకుంది. చాలదు, మళ్లీ వేసుకోమన్నారు. రంగు పడక తలంతా దద్దుర్లు లేచాయని ఆమె చెప్పింది. చివరికి బడికి వెళ్లడమే మానేసింది. మానేశాక, క్లాసులో ఎవరెక్కడ కూర్చోవాలో రాసే జాబితాలోంచి ఆమె పేరు తీసేశారు. గదిలో ఆమె బల్ల కూడా లేకుండా చేశారు. 2017లో ఆమె కోర్టుకెళ్లింది. 2021 ఫిబ్రవరిలో ఒసాకా జిల్లా కోర్టు తీర్పిచ్చింది. జుట్టు రంగు నియమాన్ని కోర్టు తప్పుపట్టలేదు, ఆ మాట దాచను. పేరు, బల్ల తీసేసి అవమానించడం మాత్రం తప్పేనని, 3,30,000 యెన్లు పరిహారం ఇమ్మంది.

ఆ కేసు బయటికొచ్చాక జపాన్ అంతా బడి నియమాల మీద చర్చ మొదలైంది. ఎక్కడెక్కడ ఏమేం నియమాలున్నాయో తవ్వి తీశారు. జుట్టు రంగు మాత్రమే కాదు, లోదుస్తులు ఏ రంగువి వేసుకోవాలో కూడా కొన్ని బళ్లు రాసిపెట్టాయి. టోక్యో నగర ప్రభుత్వం కింద ఉన్న దాదాపు 200 హైస్కూళ్లు 2022 ఏప్రిల్ నుంచి ఇలాంటివి కొన్ని ఎత్తేశాయి. నల్ల జుట్టే ఉండాలన్న నియమం పోయింది, పక్కలు పొట్టిగా పైన పొడుగ్గా ఉండే 'టూ బ్లాక్' కటింగ్ మీద నిషేధమూ పోయింది. ఏ నియమాలు జపాన్‌ను జపాన్ చేశాయని మన గ్రూపుల్లో దండాలు పెడుతున్నారో, వాటినే అక్కడివాళ్లు సిగ్గుపడి వదిలించుకుంటున్నారు. పొగిడేముందు ఒక్కసారి వెతికి చదవడానికి ఏం అడ్డం వచ్చింది? మెసేజ్ ఫార్వర్డ్ చేసిన ఫోన్‌లోనే ఆ వార్తలన్నీ ఉన్నాయి.

ఆడపిల్లల పాయింటు రాయడానికే నాకు చెయ్యి రావడం లేదు. జపాన్‌లోనే కొన్ని బళ్లలో పోనీటెయిల్ కట్టుకోకూడదన్న నియమం ఉండేది. వెనక మెడ కనపడితే మగపిల్లల చూపు అటు పోతుందని దానికి చెప్పిన కారణం. గమనించండి, మన మెసేజ్‌లో జుట్టు వదిలేసుకుంటే తప్పు. అక్కడ పైకెత్తి కట్టుకుంటే తప్పు. వదిలినా తప్పే, కట్టినా తప్పే అయినప్పుడు తప్పు జుట్టుది కాదని అర్థం చేసుకోవడానికి ఎంతసేపు పడుతుంది? పన్నెండేళ్ల పిల్లతో "నీ జుట్టు వల్ల వాళ్ల చదువు పాడవుతోంది" అని పెద్దవాళ్లు చెబితే, ఆ పిల్ల తన ఒంటి గురించి ఏం నేర్చుకుంటుంది? మగపిల్లవాడికి నేర్పాల్సిన బుద్ధి మగపిల్లవాడికి నేర్పాలి. అది కష్టమైన పని. అందుకే సులువుగా రిబ్బన్ల మీద పడుతున్నారు.

పేదా గొప్పా తేడా విషయంలో మాత్రం ఒకటి ఒప్పుకుంటాను. ఆ మాటలో నిజముంది. ఏదో ఒక కటింగ్ ఫ్యాషన్‌లోకి వస్తుంది. క్లాసులో పదిమంది అది చేయించుకొస్తారు. పదకొండోవాడి ఇంట్లో అంత డబ్బుండదు. రంగులు, స్ట్రెయిటెనింగ్ అంటే ఇంకా ఖర్చు. అడగలేక, అడగకుండా ఉండలేక ఆ పిల్లవాడు పడే బాధ నాకు తెలుసు. "బళ్లో ఒప్పుకోరు" అన్న ఒక్క మాట అలాంటి ఇంట్లో తల్లికి ఎంత ఆసరాగా ఉంటుందో కూడా తెలుసు. రంగులు వద్దు, ఖరీదైన అలంకరణలు వద్దు అని బడి చెబితే నేను తప్పుపట్టను. ల్యాబ్‌లో బర్నర్ దగ్గర, వర్క్‌షాపులో తిరిగే యంత్రం దగ్గర జుట్టు గట్టిగా కట్టుకోమంటే అసలే తప్పుపట్టను. ఎందుకు అని పిల్లలు అడిగితే చెప్పడానికి అక్కడ కారణముంది.

కానీ "అందరి జుట్టూ ఒకేలా" అన్నదగ్గర ఆగాలి. యూనిఫాం వేరు, జుట్టు వేరు. యూనిఫాం సాయంత్రం ఇంటికెళ్లి విప్పేస్తాం. జుట్టును విప్పి కొక్కేనికి తగిలించలేం. బడిలో పెట్టిన నియమం పిల్లవాడి నెత్తిమీద ఇంటికొస్తుంది, పెళ్లికెళ్తుంది, సెలవుల్లో కూడా ఉంటుంది. పైగా అందరికీ ఒకే నియమం అంటే అందరి మీదా ఒకే బరువని కాదు. ఇంగ్లండులో ఒక ప్రైవేటు బడి, తలపాగా తీసి జుట్టు కత్తిరించుకుంటేనే చేర్చుకుంటామని ఒక సిక్కు పిల్లవాడికి చెప్పింది. నియమం అందరికీ ఒకటేనని వాదించింది. 1983లో, అప్పట్లో అక్కడి అత్యున్నత న్యాయస్థానమైన హౌస్ ఆఫ్ లార్డ్స్ అది వివక్షేనని తేల్చింది. దక్షిణాఫ్రికాలో 2016లో ప్రిటోరియా బాలికల హైస్కూల్లో నల్లజాతి అమ్మాయిలు నిరసనకు దిగారు. ఉంగరాలు తిరిగి పైకి నిలబడే తమ జుట్టును ఉన్నది ఉన్నట్టు ఉంచుకుంటే అశుభ్రంగా ఉందంటున్నారన్నదే వాళ్ల గోడు. చదునైన జుట్టున్న పిల్లకు 'నీట్‌గా దువ్వుకో' అంటే ఒక నిమిషం పని. వాళ్లకు మాత్రం పుట్టుకనే మార్చుకోమనడం.

ఇంకా వెనక్కి వెళ్తే, అమెరికాలో 1879లో కార్లైల్ అనే ఊళ్లో ఆదివాసీ పిల్లల కోసం ఒక బోర్డింగ్ స్కూలు పెట్టారు. పిల్లలు రాగానే చేసిన మొదటి పనుల్లో జుట్టు కత్తిరించడం ఒకటి. అక్కడి చాలా తెగల్లో జుట్టు కత్తిరించుకునేది అయినవాళ్లు చనిపోయినప్పుడు. తమవాళ్లెవరో పోయారేమోనని ఏడ్చిన పిల్లలున్నారు. కత్తిరించక ముందు ఒక ఫోటో, కత్తిరించాక ఒక ఫోటో తీసి, చూడండి ఎంత బాగుపడ్డారో అని పంచిపెట్టారు. అది కూడా 'అందరూ ఒకేలా ఉండాలి' అన్న మాటే.

ఇప్పుడు చివరి పాయింటు. నా కోపమంతా దీనిమీదే. మిగతావన్నీ తెలియక రాశారనుకుందాం. ఇది అలా కాదు. పిల్లల్ని పదిమందిలో అవమానించడం మంచిపని అని పెద్దవాళ్లకు నచ్చజెప్పడానికే ఇది రాశారు.

జుట్టు ఎంత ఉండాలన్న నియమం ఒకటి. ఆ నియమం పేరుతో పిల్లవాడి తలమీద చెయ్యి వెయ్యడం వేరొకటి. మెసేజ్ రాసినవాళ్లు కావాలనే ఈ రెండూ కలిపేశారు. మన దేశంలో 2009 నాటి విద్యాహక్కు చట్టం, 17వ సెక్షన్, పిల్లలకు శారీరక శిక్ష, మానసిక వేధింపు రెండూ కూడదంటుంది. అలా చేసినవాళ్ల మీద చర్య తీసుకోవాలని కూడా అందులోనే ఉంది. ఇంత పెద్ద మెసేజ్‌లో ఆ ఒక్క ముక్కకు చోటు దొరకలేదు.

థాయ్‌లాండ్‌లో ఇలా టీచర్లే పిల్లల జుట్టు కత్తిరించడం దశాబ్దాల పాటు మామూలు సంగతి. 1972లో సైనిక పాలన ఇచ్చిన ఆదేశం కింద 1975లో వచ్చిన నియమాల ప్రకారం మగపిల్లలకు మిలిటరీ కటింగ్, ఆడపిల్లలకు చెవి దాకా జుట్టు. కొంచెం పెరిగితే టీచర్లు కత్తెర తీసుకుని వంకరటింకరగా కత్తిరించేవాళ్లు. 2020లో బ్యాంకాక్‌లో జనం తిరిగే చోట ఒక విద్యార్థిని కుర్చీలో కూర్చుంది. నోటికి టేపు, పక్కన కత్తెర, మెడలో బోర్డు. నేను జుట్టు నియమం తప్పాను, వచ్చి శిక్షించండి అన్నది ఆ బోర్డు సారాంశం. బడి నాలుగు గోడల మధ్య మామూలుగా కనిపించే పనిని నడిరోడ్డు మీద, తన తల మీదే చేసి చూపించమంది. 2025లో అక్కడి సుప్రీం అడ్మినిస్ట్రేటివ్ కోర్టు 1975 నాటి ఆ జుట్టు నియమాన్ని కొట్టేసింది.

ఇక "మేమేం చచ్చిపోలేదు కదా" అన్న మాట. దీనికి జవాబు మా బ్యాచ్‌వాళ్లకే చెప్పాలి.

తొమ్మిదో తరగతిలో ఉండగా ఒక సోమవారం ప్రేయర్‌లో ఏం జరిగిందో మీకు గుర్తుందో లేదో, నాకుంది. డ్రిల్లు మాస్టారు లైన్లో నడుస్తూ ఒకడి దగ్గర ఆగారు. చెవి పట్టుకుని స్టేజీ మీదకు తీసుకెళ్లారు. చార్టులు కత్తిరించే పెద్ద కత్తెరతో నుదుటి నుంచి నడినెత్తి దాకా నాలుగు వేళ్ల వెడల్పున దారి తీశారు. మిగతాది కావాలనే వదిలేశారు. ఏ కోశానా దాచుకోవడానికి వీల్లేకుండా. అందరం నవ్వాం. నేనూ నవ్వాను. మొదటి పీరియడ్ మొత్తం వాడు నా ముందు బెంచీలో కూర్చుని, తెల్ల చొక్కా కాలర్‌కు అంటుకున్న వెంట్రుకలు ఒక్కొక్కటే తీసి, నోట్సు మధ్య పేజీలో పెట్టుకున్నాడు. కింద పడేయలేదు. ఎందుకో తెలియదు. కటింగ్ ఎందుకు చేయించుకోలేదని మాస్టారు అడగలేదు. వాడి పక్కన కూర్చున్నవాళ్లూ అడగలేదు, నేనూ అడగలేదు. మర్నాటి నుంచి వారం రోజులు రాలేదు. వచ్చాక కూడా వెనక బెంచీకి మారిపోయాడు. ఏ టీచరు ప్రశ్న అడిగినా లేచి నిలబడి నేలచూపులు చూసేవాడు.

మెసేజ్ కింద "మాకూ ఇలాగే చేశారు, మేం బాగానే ఉన్నాం" అని రాసిన ఇద్దరికీ ఎవరూ ఎప్పుడూ అలా చెయ్యలేదు. ఆ రోజు వాళ్లు నా పక్క లైన్లో నిలబడి ఉన్నారు. స్టేజీ మీదున్నవాడు మాత్రం మన గ్రూపులో లేడు. గ్రూపు పెట్టిన కొత్తలో వాడి నంబరు కావాలని అడిగాను. ఎవరి దగ్గరా లేదు.