ట్రెయిలర్ అమ్మి పాత మోటర్‌హోమ్ కొనాలా?

(బెంగళూరు మారతహళ్లిలో ఉండే అక్కాతమ్ముళ్లు కలిసి, కారు వెనక తగిలించి లాక్కెళ్లే ఇల్లులాంటి ట్రెయిలర్ ఒకటి కొనుక్కున్నారు. దాన్ని అమ్మేసి, కేరళ రిజిస్ట్రేషన్ ఉన్న పాత మోటర్‌హోమ్ (ఇంజిన్, ఇల్లు ఒకే బండిలో ఉండేది) తీసుకుందామని తమ్ముడి పట్టు.)

తమ్ముడు: సేలం నుంచి ఏర్కాడ్ ఎక్కాలంటే 20 హెయిర్‌పిన్ మలుపులు అక్కా. కారు తిరిగినా వెనక ట్రెయిలర్ లోపలికి కోసుకుంటూ వస్తుంది. ఎదురుగా బస్సొస్తే రివర్స్ తియ్యాలి. స్టీరింగ్ కుడికి తిప్పితే అది ఎడమకు పోతుంది. నాకు ఆ టెన్షన్ వద్దు.

అక్క: ట్రెయిలర్‌ని కొండ కిందే పెట్టి కార్లో ఎక్కొచ్చు కదరా. మోటర్‌హోమ్ అయితే పాలప్యాకెట్ తేవాలన్నా ఇల్లంతా కదలాలి.

తమ్ముడు: మరి అమ్మ సంగతి? ట్రెయిలర్ రోడ్డు మీద ఉన్నంతసేపూ అందులో ఎవరూ కూర్చోకూడదు. ఆవిడ మోకాళ్లతో ప్రతిసారీ కారు దిగి, వానలో వెనక్కి నడిచి, మెట్టెక్కి బాత్‌రూమ్‌కి వెళ్లాలి. మోటర్‌హోమ్‌లో సీటుబెల్టు పెట్టుకుని కూర్చుంటుంది, బండి పక్కన ఆపితే లేచి వెళ్తుంది. నాకు ఇదొక్కటి చాలు.

(ఈ మాటకు అక్క దగ్గర జవాబు లేదు. నా దగ్గరా లేదు.)

అక్క: సరే, ఇంజిన్ పాడైతే? కారు చెడితే ఇంకో బండి కట్టుకుని ట్రెయిలర్ తెచ్చుకుంటాం. మోటర్‌హోమ్ షెడ్డుకెళ్తే మన పరుపులు, గిన్నెలు అన్నీ దాంతోపాటే పోతాయి.

తమ్ముడు: అది పెద్దగా తిరిగిన బండి కాదక్కా.

అక్క: నా భయం అదే. ఊరికే నిలబడిన బండికి టైరు గాడులు కొత్తగానే కనిపిస్తాయి, రబ్బరు మాత్రం పగులుతుంది. టైరు పక్కన డాట్ నంబర్ చివరి నాలుగంకెలు చూడు. 2318 అని ఉంటే 2018లో 23వ వారం తయారైందని. ఇంకా ముఖ్యం, లోపలికి వాన నీళ్లు కారాయేమో చూడాలి. పైకప్పు మూలల్లో, కిటికీ పైన, పరుపు కింద ప్లైవుడ్‌ని బొటనవేలితో గట్టిగా నొక్కు. మెత్తగా దిగిందంటే లోపల కుళ్లినట్టే. ఆ ఒక్కచోట కొత్త రంగు వేసి ఉన్నా వదిలెయ్.

తమ్ముడు: చూస్తా. ధర తగ్గించమని అడుగుతా.

అక్క: కుళ్లు ఉంటే ధర ఎందుకురా, వద్దనెయ్. ఆర్సీలో ఏముందో చూశావా? డెలివరీ వ్యాన్‌ని మార్చి పడకలు వేసి ఉంటే, ఆర్సీలో కూడా ఆ మార్పు ఎక్కాలి. కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్ ఇష్టమొచ్చినట్టు మార్చడం మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కుదరదని సుప్రీంకోర్టు 2019లోనే చెప్పింది. కేరళ నుంచి ఎన్‌వోసీ (నిరభ్యంతర పత్రం), ఇక్కడ రీ-రిజిస్ట్రేషన్, ట్యాక్స్ ఎలాగూ తప్పవు. అవన్నీ కలిపే బండి ధర లెక్కెయ్.

తమ్ముడు: ఆదివారం నువ్వూ వస్తావా మరి?

అక్క: ముందు ఆర్సీ ఫోటో పంపమను. అది సరిగ్గా ఉంటేనే వస్తా. పైకప్పు మీద పైపుతో నీళ్లు కొట్టి చూడనిస్తారేమో కూడా అడుగు.