లోర్కా నాటకం ఒపేరా అయితే, రెండో భాషకు పనేమిటి?

స్పానిష్ కవి ఫెదెరికో గార్సియా లోర్కా ‘ఎల్ పుబ్లికో’ (ప్రేక్షకులు) నాటకం రాతప్రతిని 1930 ఆగస్టులో ముగించాడు. దాన్ని రంగస్థలం మీద చూసుకునే అవకాశం అతనికి దక్కలేదు. 1936లో గ్రనడా దగ్గర అతన్ని కాల్చి చంపారు. నాటకం తొలి పెద్ద ప్రదర్శన 1986 చివర్లో, అదీ ఇటలీలోని మిలాన్‌లో జరిగింది. 2015 ఫిబ్రవరిలో మాడ్రిడ్‌లోని తెయాత్రో రియాల్ అనే ఒపేరా హాలు దాన్ని ఒపేరాగా, అంటే మాటలన్నీ పాటగా సాగే సంగీత నాటకంగా ప్రదర్శించింది. సంగీతం మౌరీసియో సొతేలోది, స్పానిష్ లిబ్రెటో (పాడే మాటల పాఠం) ఆంద్రెస్ ఇబాన్యెస్‌ది.

ఈ నాటకాన్ని మళ్లీ ఎవరైనా ఒపేరాగా మలిస్తే స్పానిష్, ఇంగ్లీషు రెండూ వాడాలని నా అభిప్రాయం. ఇంగ్లీషు ఇక్కడ బయటి నుంచి తెచ్చి అతికించే భాష కాదు. 1929 జూన్ నుంచి దాదాపు తొమ్మిది నెలలు లోర్కా న్యూయార్క్‌లో ఉన్నాడు. కొలంబియా విశ్వవిద్యాలయంలో చేరినా ఇంగ్లీషు పెద్దగా ఒంటబట్టలేదు. అర్థంకాని భాష చుట్టుముట్టిన ఆ రోజుల తర్వాత క్యూబాకు వెళ్లాడు. నాటకం రూపుదిద్దుకున్నది ఆ కాలంలోనే. పైగా దాని నడిమధ్య ఉన్నది షేక్‌స్పియర్ ‘రోమియో అండ్ జూలియట్’.

కథ అని చెప్పగలిగింది తక్కువే. ఎన్రీకే అనే నాటక దర్శకుడి దగ్గరికి తెల్ల గుర్రాలు వస్తాయి, తర్వాత గడ్డాలున్న ముగ్గురు మనుషులు వస్తారు. ఆరుబయలు నాటకాలు చాలు, ఇసుక కింద దాగిన నాటకం చూపించమని నిలదీస్తారు. ఒక తెర వెనక్కి వెళ్లిన మనిషి మరో మనిషిగా బయటికొస్తాడు. దర్శకుడు వేయించిన నాటకంలో రోమియో ముప్పై ఏళ్ల మగవాడు, జూలియట్ పదిహేనేళ్ల కుర్రాడు. సంగతి బయటపడగానే ప్రేక్షకులు తిరగబడతారు. పురుషుల మధ్య ప్రేమ గురించి బాహాటంగా మాట్లాడలేని కాలంలో రాసిన నాటకం ఇది. అందులోని ముసుగులు, తెరలు అలంకారాలు కావు, లోర్కాకు అవి అవసరం.

సొతేలో గొప్పగా చేసిన పని గుర్రాల విషయంలో కనిపిస్తుంది. ఆ పాత్రలను దక్షిణ స్పెయిన్ జానపద సంగీతమైన ఫ్లమెంకో పాడే గాయకులు ఆర్కాంహెల్, హెసూస్ మెందెస్‌లకు, నర్తకుడు రూబెన్ ఓల్మోకు అప్పగించాడు. మిగతా పాత్రలు శిక్షణ పొందిన ఒపేరా గొంతుతో పాడతాయి. ఫ్లమెంకో గాయకుడు నోరు విప్పగానే ఇతను వేరే లోకం నుంచి వచ్చాడని వినేవాళ్లకు తెలిసిపోతుంది, ఎవరూ వివరించనక్కర్లేదు. రెండో భాష చేయాల్సిన పని కూడా సరిగ్గా ఇదే.

ద్విభాషా ప్రదర్శనల్లో ఎక్కువగా జరిగే పొరపాటు, ఒక భాషలో పాడిన మాటనే మరో భాషలో మళ్లీ పాడించడం. మాట్లాడితే క్షణంలో అయిపోయే వాక్యం పాడితే ఎంతో సేపు సాగుతుంది. దాన్ని రెండుసార్లు పాడిస్తే నాటకం ఊపిరి పోతుంది. 1983లో టొరంటోలో మొదలైన సర్‌టైటిల్స్ (పాడే మాటలకు తెరమీద కనిపించే అనువాదం) ఇప్పుడు దాదాపు పెద్ద ఒపేరా హాళ్లన్నిటిలో ఉన్నాయి. అర్థం అందించే బాధ్యత వాటిదే. నిజానికి ఇలా కలలా, తర్కానికి అందకుండా సాగే అధివాస్తవిక నాటకానికి రెండో భాష వివరణగా మారడం కంటే పెద్ద ద్రోహం లేదు.

ఈ ఆలోచన మనకు కొత్తది కాకూడదు. తంజావూరు మరాఠా రాజు శాహజీ ‘పంచభాషా విలాస నాటకం’లో ఒక్కొక్క పాత్ర తన భాషలోనే మాట్లాడుతుంది. అక్కడ భాష మారిందంటే మనిషి మారినట్టు.

లోర్కా నాటకంలో అలాంటి చోట్లు సిద్ధంగా ఉన్నాయి. తెర దాటి వచ్చినవాడి వేషంతో పాటు భాషా మారాలి. శిథిలాల దృశ్యంలో ద్రాక్షాకులు కప్పుకున్న ఆకారం, గజ్జెలు కట్టుకున్న ఆకారం ఆడే ఆట ఉంది. నేను మేఘమైతే అని ఒకరంటే నేను కన్నవుతానని రెండోవాళ్లు, నేను చంద్రచేపనైతే అంటే నేను కత్తినవుతానని జవాబు. ప్రశ్న స్పానిష్‌లో, జవాబు ఇంగ్లీషులో పాడితే ఒకరినొకరు ప్రేమిస్తూనే అందుకోలేకపోతున్న ఆ ఇద్దరి బాధ వినిపిస్తుంది. రోమియో జూలియట్‌ల ఊరు వెరోనాలో, సమాధిలో ఉన్న జూలియట్ ఇంగ్లీషులో పాడాలి. అయితే షేక్‌స్పియర్ పంక్తులు మాత్రం వద్దు, లోర్కా మాటలే ఇంగ్లీషులో పాడాలి. తెలిసిన పంక్తులు వినిపిస్తే ప్రేక్షకుడు హాయిగా వెనక్కి వాలిపోతాడు. లోర్కా కోరుకోనిది అదే.

దొరికిన రాతప్రతిలో నాలుగో దృశ్యం లేదు. లిబ్రెటో రాసేవాళ్లకు ఆ ఖాళీని కొత్త మాటలతో పూడ్చాలనిపించడం సహజం. అది వాద్యబృందానికి వదిలేయడమే న్యాయం. నిడివి తగ్గించాల్సి వచ్చినప్పుడు కూడా ముందు తీసేయాల్సింది కథను కలిపే వాక్యాలను. వింత ప్రతీకల జోలికి పోకూడదు, ఈ నాటకం నిలబడింది వాటి మీదే.

ఇక ఐదో దృశ్యం. హాల్లో తిరుగుబాటు మొదలైంది, విద్యార్థులు వాదించుకుంటుంటారు, బయటికి దారి దొరక్క ఆడవాళ్లు తిరుగుతుంటారు. కోరస్ (గాయక బృందం) ఇక్కడ రెండు భాషల్లో ఒకేసారి పాడాలి. ఆ కొద్ది నిమిషాలు సర్‌టైటిల్స్ ఆపేయాలి. డబ్బు పెట్టి టికెట్ కొన్నవాళ్లు ఫిర్యాదు చేస్తారని నిర్వాహకులు భయపడతారేమో. కానీ అర్థంకాని నాటకం మీద కోపంతో ఉన్న ప్రేక్షకులే ఆ దృశ్యంలో పాత్రలు. హాల్లో కూర్చున్నవాళ్లకు ఆ కోపం కాసేపైనా సొంతం కావాలి.