రంగం కాగితం చదివేదెవరు?

కళింగపట్నం దగ్గర మా బంధువుల ఇంట్లో పాత రేకు ట్రంకుపెట్టె ఒకటి ఉంది. దాని అడుగున, కలరా ఉండల వాసన మధ్య, నాలుగు మడతలు పెట్టిన కాగితం. గుండ్రటి బర్మా అక్షరాల చేతిరాత, మూలన వెలిసిపోయిన ఊదారంగు ముద్ర. వాళ్ళ తాతగారు రంగం నుంచి తెచ్చుకున్నది. జీతం రసీదో, ఇంటి పత్రమో ఎవరికీ తెలీదు. ఫోన్ యాప్ ఆ చేతిరాత దగ్గర చేతులెత్తేసింది. చదివిపెట్టే మనిషి కోసం శ్రీకాకుళం, విజయనగరం రెండుచోట్లా అడిగాను. దొరకలేదు.

మన పెద్దవాళ్ళకి రంగం అంటే బర్మాలోని రంగూన్. ఈ తీరం నుంచి వేలమంది ఓడెక్కి వెళ్ళి అక్కడి రేవులో, బియ్యం మిల్లుల్లో రెక్కలు ముక్కలు చేసుకున్నారు. 1930 మేలో రేవులో అల్లర్లు జరిగితే ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్ళలో ఎక్కువమంది తెలుగు కూలీలే. 1941 డిసెంబరులో జపాన్ బాంబులు పడ్డాక కాలినడకన వచ్చినవాళ్ళున్నారు. 1962లో అక్కడి సైన్యాధిపతి నేవిన్ అధికారం చేజిక్కించుకున్నాక ఉన్నదంతా వదిలేసి వచ్చినవాళ్ళూ ఉన్నారు. ఇంత బంధం ఉన్న దేశం భాష నేర్చుకోడానికి మన పిల్లలకి దగ్గర్లో దారి లేదు.

పరాయి దేశాల భాషలు నేర్పే పనికి అమెరికా ప్రభుత్వ డబ్బు పెట్టింది. 1957లో సోవియట్ యూనియన్ స్పుత్నిక్ ఉపగ్రహాన్ని పంపేసరికి వాళ్ళకి టెన్షన్ పట్టుకుంది. మరుసటి ఏడాదే జాతీయ రక్షణ విద్యా చట్టం తెచ్చి, అందులోని ఆరో భాగం, టైటిల్ సిక్స్ కింద విదేశీ భాషల, ప్రాంతాల అధ్యయనానికి గ్రాంట్లు మొదలుపెట్టారు. విదేశాలకి వెళ్ళి చదువుకోడానికి డబ్బిచ్చే ఫుల్‌బ్రైట్-హేస్ చట్టం 1961లో తోడైంది. పీఎల్-480 అనే ఆహార సాయం చట్టం కింద మనకి అమ్మిన గోధుమలకి వచ్చిన రూపాయలతో 1962 నుంచి మన పుస్తకాలు కొని అక్కడి లైబ్రరీలకి చేర్చారు. వాటిలో తెలుగువీ ఉన్నాయి.

రక్షణ పేరుతో వచ్చిన డబ్బు కాబట్టి దాని ఉద్దేశం మీద అనుమానాలు ఉండేవి, అవి న్యాయమైనవే. కానీ ఫలితం చూడండి. శ్రీకాకుళం జిల్లాలో పుట్టిన వెల్చేరు నారాయణరావు 1971 నుంచి దాదాపు నాలుగు దశాబ్దాల పాటు అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో తెలుగు చెప్పారు. విజయనగరంలో పుట్టిన 'కన్యాశుల్కం' నాటకాన్ని ఇంగ్లీషులోకి తెచ్చారు. ఇలాంటి పని ఒక ఏడాది గ్రాంటుతో జరగదు. భాష పట్టుబడటానికే ఏళ్ళు పడుతుంది.

అందుకే 2025 వార్త నన్ను బాధపెట్టింది. 2024లో టైటిల్ సిక్స్, ఫుల్‌బ్రైట్-హేస్ పద్దులు రెండూ కలిపి దాదాపు 8.6 కోట్ల డాలర్లు. అంత పెద్ద దేశానికి అదో లెక్క కాదు. అయినా అక్కడి విద్యాశాఖ విశ్వవిద్యాలయాల్లోని ప్రాంతీయ అధ్యయన కేంద్రాలకి, భాషా ఫెలోషిప్‌లకి ఇచ్చే డబ్బు ఆపేసింది. ఫుల్‌బ్రైట్-హేస్ పోటీలూ రద్దయ్యాయి. ఆరవై ఏళ్ళు పెంచిన చెట్టుకి నీళ్ళు ఆపేయడమే ఇది.

మన దగ్గర చెట్టే నాటలేదని అనను. యూజీసీ ప్రాంతీయ అధ్యయనాలకి డబ్బిచ్చింది, తిరుపతి ఎస్వీ విశ్వవిద్యాలయంలో ఆగ్నేయాసియా కేంద్రం ఉంది. కానీ బర్మా జ్ఞాపకం ఉన్నది ఇక్కడ, ఈ ఇళ్ళలో.

ఎచ్చెర్లలోని అంబేద్కర్ విశ్వవిద్యాలయానికి బర్మీస్ చెప్పే ఒక టీచరు, ఐదారు ఫెలోషిప్‌లు, కనీసం పదేళ్ళ హామీ ఇస్తే చాలు. కేంద్రం, రాష్ట్రం చెరిసగం భరించొచ్చు. బర్మాలో పుట్టి 1964లో పదేళ్ళ వయసులో ఇక్కడికి వచ్చేసినవాళ్ళకి ఇప్పుడు డెబ్బై దాటింది. రికార్డరు పట్టుకుని వాళ్ళ ఇళ్ళకి వెళ్ళే పిల్లలకి స్టైపెండ్ కావాలి. అది ఈ ఏడాదే కావాలి.