అవ్వ ఒడి ఉండగా టీవీ గది ఎందుకు?

డిసెంబర్‌లో మన సంఘం తిరుపతిలో జరిపిన ఆత్మీయ సమ్మేళనానికి వచ్చినవాళ్లకు ఆ గది గుర్తుండే ఉంటుంది. కల్యాణ మండపంలో పెళ్లికూతురి గదికి పెద్ద టీవీ తగిలించి, తెలుగు పాటలు పెట్టి, మూడేళ్లలోపు పిల్లల్ని అందులో కూర్చోబెట్టారు. బయట స్టేజీ మీద మాతృభాష గురించి ఉపన్యాసం, దానికి అడ్డం రాకూడదని! వాళ్ల అవ్వాతాతలేమో ముందు వరసలో, శాలువాల కోసం.

మాయమ్మ మాత్రం పది నెలల మా పాపను ఒళ్లో వేసుకుని ఓ మూల చేరింది. అది 'త్త త్త' అంటే, "అత్త గావల్లనా? యాడుంది జెప్పు అత్త?" అని అడిగి, అది చెయ్యి చాపేదాకా ఆగి, మళ్లీ అందుకుంటోంది. ఇంతలో వాలంటీరొకాయన వచ్చి, "పాపను ఆ గదిలో వదలండమ్మా, అక్కడా తెలుగే వస్తోంది" అన్నాడు.

అక్కడే నాకు చుర్రుమంది.

బిడ్డ పుట్టేనాటికి మెదడు తయారైపోయి ఉండదు. నరకణాల మధ్య కనెక్షన్లు అవసరాన్ని మించి పుట్టుకొస్తాయి. వాడకంలో ఉన్నవి గట్టిపడతాయి, లేనివి చాలావరకు రాలిపోతాయి. హ్యూబెల్, వీజెల్ అనే శాస్త్రవేత్తలు పిల్లికూనలకు పసితనంలో ఒక కన్ను మూసి ఉంచారు. తర్వాత తెరిస్తే, కన్ను బాగానే ఉన్నా మెదడులో దాని చోటును రెండో కన్ను ఆక్రమించేసింది. 1981లో వాళ్లకు నోబెల్ వచ్చింది. (మెల్లకన్నును పట్టించుకోకపోయినా ఇలాగే కావచ్చు. అది అదృష్టమంటూ బిడ్డను డాక్టరుకు చూపించనివ్వని అవ్వలు మన ఊళ్లో ఇంకా ఉన్నారు. ఆ ఒక్క విషయంలో వాళ్ల మాట వినకండి.)

చెవిదీ ఇదే కథ. ఇంగ్లిష్ ఇళ్లలోని పసిపిల్లలు ఆరేడు నెలలప్పుడు హిందీ త, ట ధ్వనుల తేడా పట్టేస్తారనీ, ఏడాది నిండేసరికి ఆ పట్టు సడలుతుందనీ వెర్కర్, టీస్ అనే పరిశోధకులు 1984లో చూపించారు. 2003లో ప్యాట్రీషియా కూల్ అనే పరిశోధకురాలి బృందం తొమ్మిది నెలల అమెరికా పిల్లలకు చైనా వాళ్ల మాండరిన్ భాష వినిపించింది. మనిషి ఎదురుగా కూర్చుని ఆడిస్తూ మాట్లాడితే ఆ ధ్వనులు పట్టుబడ్డాయి. అదే వీడియోలో చూపిస్తే ఏమీ అబ్బలేదు.

పెద్దయ్యాక తెలుగు రాదని కాదు, శ్రమ ఎక్కువ, అంతే. తల్లిదండ్రులకు కాసేపు ఊపిరి కావాలన్నదీ నిజమే. తిరుపతిలోనూ ఫోన్ చూపిస్తే తప్ప ముద్ద దిగని పిల్లలు బోలెడుమంది.

అయినా అడుగుతున్నాను: ఉగాదికి ఆ టీవీ తీసేయండి. చాపలు పరిచి, శాలువాలకన్నా ముందు అవ్వాతాతల్ని అక్కడికి పిలవండి. పిల్లల గోల హాల్లోకి వినిపిస్తే వినిపించనీండి. ఉపన్యాసం ఓ అరగంట తగ్గినా ఎవరూ ఏమీ అనుకోరు.