చిన్న తరగతులకు గణితం తెలిసిన గురువులు

సైన్స్, గణితం చదివినవారు ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయులయ్యేందుకు అమెరికాలో ఇస్తున్న ఉపకారవేతనాలను ఇటీవల నేను చదివిన ఒక వ్యాసం సమర్థించడం నాకు ఎంతో సంతోషం కలిగించింది. 2002 చట్టంతో ఏర్పడి, అమెరికా ప్రభుత్వ సంస్థ నేషనల్ సైన్స్ ఫౌండేషన్ నడుపుతున్న రాబర్ట్ నాయిస్ ఉపకారవేతన పథకంలో, ఏడాది సాయానికి రెండేళ్ల చొప్పున, ఉపాధ్యాయుల అవసరం ఎక్కువగా ఉన్న ప్రాంతాల బడుల్లో బోధించాలి; లేకపోతే ఆ సొమ్ము అప్పుగా మారుతుంది. ఈ షరతు న్యాయమైనదే. అయితే, మూడు కంటే నాలుగు పెద్దది కనుక 1/3 కంటే 1/4 పెద్దదని నమ్మే పిల్లవాడి ఆలోచన ఎక్కడ దారి తప్పిందో పట్టుకోగల నేర్పు, డిగ్రీలో ఉన్నత గణితం చదివినంత మాత్రాన రాదు. అందుచేత ఉపకారవేతనంతోపాటు, అనుభవజ్ఞులైన ఉపాధ్యాయుల తరగతి గదుల్లో తగినంతకాలం శిక్షణను, ఉద్యోగంలో చేరిన తొలి ఏళ్లలో వారి మార్గదర్శనాన్ని కూడా తప్పనిసరి చేయాలని నా గట్టి అభిప్రాయం.